2019 ఆర్టీసీ సమ్మెను ఓడించింది ఎవరు: పత్రికలా, యూనియన్ నాయకులా?

మానేరు తీరం
2025 మే 7 నుంచి సమ్మె చేస్తామని తెలంగాణ ఆర్టీసీ జేఏసీ నోటీసు ఇచ్చింది. మంత్రి పొన్నం ప్రభాకర్‌తో మాట్లాడాక ఒకరోజు ముందు వాయిదా వేసుకుంది. రెండు రోజుల్లో ఆ వార్త లోపలి పేజీలకు వెళ్లిపోయింది. 2019లో ఇవే యూనియన్లు సమ్మెకు దిగినప్పుడు మాత్రం కేసీఆర్ ప్రభుత్వం రేపో మాపో కూలిపోతుందన్నట్టు పొద్దున్నుంచి రాత్రి దాకా చర్చలు నడిపారు. ఈ తేడా ఎందుకని ఎవరూ అడగడం లేదు కాబట్టి నేను అడుగుతున్నాను.

నా అభిప్రాయం దాచుకోను. నేను బీఆర్ఎస్ అభిమానిని, టీఆర్ఎస్ అన్న రోజుల నుంచీ. ఆ సమ్మెను నడిపించింది కార్మికుల కష్టం కాదు. ఒకవైపు కేసీఆర్ అంటే గిట్టని చానెళ్లు, ఇంకోవైపు రాజకీయాల్లోకి రావాలని చూస్తున్న నాయకుడు. ఆ నాయకుడు అశ్వత్థామరెడ్డి గారు అప్పట్లో తెలంగాణ మజ్దూర్ యూనియన్ (టీఎంయూ) ప్రధాన కార్యదర్శి, జేఏసీ కన్వీనర్. 2021 జూన్‌లో ఈటల రాజేందర్‌తో పాటు బీజేపీలో చేరారు. 2023లో వనపర్తి టికెట్ ముందు ఆయనకే ప్రకటించి తర్వాత మార్చారు. ఇక వీ6, వెలుగు పత్రిక ఎవరివో అందరికీ తెలుసు. వివేక్ వెంకటస్వామి గారు 2019 ఆగస్టులో బీజేపీలో చేరారు. అక్టోబరులో సమ్మె. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి.

దసరాకు మూడు రోజుల ముందు బస్సులు ఆపించారు. 48 వేల కుటుంబాలను రోడ్డు మీద కూర్చోబెట్టి, ప్రభుత్వంలో విలీనం కావాల్సిందేనని పట్టుబట్టారు. నవంబర్ 14న అదే విలీనాన్ని పక్కన పెట్టారు. 25న సమ్మె విరమించారు. 52 రోజులు. ఆ తర్వాత కార్మికులను వెనక్కు తీసుకున్నది, సమ్మె కాలానికి జీతం ఇచ్చింది, పదవీ విరమణ వయసు 60కి పెంచింది కేసీఆర్. నాయకుడు తెచ్చింది ఒక్కటి చూపించండి.

నల్లగొండ బస్టాండు
నమస్తే తెలంగాణ ఎవరిది? టీ న్యూస్ ఎవరిది? వాటిని కూడా ఆ తేదీల పక్కన పెట్టండి.

చివరి ట్రిప్పు
52 కాదు. 55 రోజులు.

లెక్కల మాస్టారు
చివరి ట్రిప్పు గారూ, అక్టోబర్ 5 నుంచి 31 వరకు 27 రోజులు. నవంబర్‌లో 25 రోజులు. మొత్తం 52. అన్ని పత్రికలూ, ఏ పక్షానివైనా, 52 అనే రాశాయి. అంకెలు సరిగా లేకుండా చర్చ మొదలుపెడితే చివరి దాకా అన్నీ తప్పులే వస్తాయి.

మానేరు తీరం
నల్లగొండ అన్నా, నమస్తే తెలంగాణ టీఆర్ఎస్‌ను సమర్థించే పత్రిక అని ఎవరు కాదన్నారు? 2011లో ఆ పత్రిక వచ్చేదాకా తెలంగాణ మాట రాసే దినపత్రిక మనకు ఎక్కడ ఉంది? ఉద్యమం అవసరానికి పుట్టిన పత్రిక అది. దాన్ని, వ్యాపారం కోసం నడిచే చానెళ్లను ఒకే గాటన కట్టకండి.

మండల విలేకరి (మాజీ)
నేను 11 ఏళ్లు మండల విలేకరిగా పనిచేసి 2021లో మానేశాను. ఏ పత్రికో చెప్పను. అది ముఖ్యం కూడా కాదు, ఎందుకంటే నేను రెండు పత్రికల్లో చేశాను, రెండూ వేర్వేరు పార్టీల వైపు ఉండేవి.

మండలంలో వార్తలు రాసేవాడికి జీతం ఉండదు. లైన్ అకౌంట్ ఉంటుంది, అచ్చయిన వార్తకు కొలత ప్రకారం కొంత వస్తుంది. అది పెట్రోలుకు సరిపోదు. అసలు ఆదాయం ప్రకటనల కమీషన్. ఎమ్మెల్యే పుట్టినరోజు, మంత్రి పర్యటన, కొత్త సంవత్సరం వస్తే ఇంత తీసుకురావాలని జిల్లా కార్యాలయం లక్ష్యం పెడుతుంది. ఆ ప్రకటన ఇచ్చేది సర్పంచ్, ఎంపీపీ, మార్కెట్ కమిటీ చైర్మన్. 2019లో వాళ్లలో చాలామంది ఏ పార్టీ వారో చెప్పక్కరలేదు. బస్సు ప్రయాణ రాయితీకి అవసరమైన అక్రిడిటేషన్ కార్డు కూడా సమాచార శాఖ చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు సమ్మె సంగతి. నవంబర్ 5 అర్ధరాత్రిలోగా చేరాలని ముఖ్యమంత్రి గడువు పెట్టారు. మా దగ్గర డిపోలో ఆ రాత్రి 12 గంటల దాకా నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఇద్దరు వచ్చారు. ఇద్దరు వచ్చారనే రాసి పంపాను. మరుసటి రోజు చూస్తే, జిల్లాలో కార్మికులు విధుల్లో చేరుతున్నారని శీర్షిక, దాని కింద నా పేరు లేకుండా నా వార్తలో సగం. ఇద్దరు అన్న అంకె లేదు. అబద్ధం రాశారని అనలేను. ఇద్దరు చేరిన మాట నిజమే కదా. రాష్ట్రం మొత్తం మీద చేరినవాళ్లు కొన్ని వందలే అన్నది మాత్రం పాఠకుడికి ఆ పేజీలో దొరకదు.

అంతకు ముందు చేసిన పత్రికలో తలకిందులుగా జరిగేది. బస్టాండు నుంచి అద్దె బస్సులు 20 తిరుగుతున్నాయని రాస్తే, బస్టాండు ఖాళీ అని వచ్చేది. నాకు ఈ రెండింటిలో ఒకటి ధర్మం, ఇంకొకటి అధర్మం అని అనిపించదు.

సిరిసిల్ల మగ్గం
విలేకరి గారి మాట వంద శాతం నిజం. మా ఊళ్లో కూడా ఇదే.

మానేరు తీరం
విలేకరి అన్నా, మీ మీద గౌరవం ఉంది. అయినా మీరు చెప్పింది యజమాని పక్షపాతం గురించి. నేను అడిగింది నాయకుడి గురించి. పత్రిక ఎటు రాసినా, విలీనం కోసం 48 వేల మందిని నిలబెట్టి దాన్నే వదిలేసింది నాయకుడు. దీనికి సమాధానం రాలేదు.

చివరి ట్రిప్పు అన్నా, మీరు ఆర్టీసీ మనిషిలా ఉన్నారు. ఒక్క ముక్క రాసి వెళ్లిపోతే ఎలా? మీరైనా చెప్పండి, నాయకుడు మిమ్మల్ని మోసం చేయలేదా?

చివరి ట్రిప్పు
నేను అన్నను కాదు. 24 ఏళ్లు కండక్టరుగా చేసి 2022లో రిటైర్ అయ్యాను. మీ నాయకుడు పెంచిన రెండేళ్లు నేనూ చేశాను. ఆ మాట దాచను.

మీరు తేదీలు పక్కపక్కన పెట్టమన్నారు. పెడతాను. 2011 సెప్టెంబర్ 19న తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలోకి మేం దిగాం. అక్టోబర్ సగం దాకా బస్సు కదలలేదు. అప్పుడు మమ్మల్ని ఎవరూ స్వార్థపరులు అనలేదు. 2015 మేలో ఎనిమిది రోజులు సమ్మె చేశాం, 44 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, వచ్చింది. అప్పుడూ నాయకుడు ఈ అశ్వత్థామరెడ్డి గారే. అప్పటి టీఎంయూకు గౌరవాధ్యక్షుడు హరీశ్ రావు గారు. 2016లో గుర్తింపు ఎన్నికలు గెలిచింది అదే యూనియన్. అప్పుడు ఆయన మంచి నాయకుడు, మీ పార్టీకి దగ్గరివాడు. 2019లో చెడ్డవాడయ్యాడు. మధ్యలో మారింది ఆయన ఒక్కరేనా?

ఇక సెప్టెంబర్ జీతం. సమ్మె మొదలైంది అక్టోబర్ 5న. సెప్టెంబర్ నెల మొత్తం మేం పనిచేశాం. ఆ జీతం డిసెంబర్ 2 దాకా రాలేదు. హైకోర్టు అడిగితే జీతాలకు 224 కోట్లు కావాలి, ఏడున్నర కోట్లే ఉన్నాయని సంస్థ చెప్పింది. సద్దుల బతుకమ్మ రోజే మాకు ఉద్యోగాలు లేవని, మమ్మల్ని మేమే తొలగించుకున్నామని ముఖ్యమంత్రి ప్రకటించారు. 1,200 మందే మిగిలారన్నారు. ఆ సాయంత్రం మా ఇంట్లో పూలు పేర్చలేదు. మరుసటి వారం డిపో గేటు ముందు ఆడవాళ్లమంతా నిరసనగా బతుకమ్మ ఆడాం. ఒక పత్రికవాళ్లు ఆ బొమ్మ వేసి, సమ్మెలోనూ కార్మికుల పండుగ సంబరం అని రాశారు. ఏడుస్తూ ఆడిన ఆట అది. నవంబర్‌లో ఒక చానెల్ వాళ్లు నా ముందు మైకు పెట్టారు. పిల్లవాడి ఫీజు కట్టలేదని చెప్పాను. రాత్రి ఇంట్లో చూస్తే నా ముఖం కింద, ఈ ప్రభుత్వం పోవాలి అన్న అక్షరాలు నడుస్తున్నాయి. నేను ఆ మాట అననే లేదు. మా వాళ్లు ఫోన్ చేసి భయపడ్డారు. నా వైపు ఉన్నామని చెప్పుకునే చానెల్ అది.

లెక్కల మాస్టారు
అమ్మా, మీ బాధ అర్థమైంది. 55 ఎలా వచ్చిందో మాత్రం మీరు ఇంకా చెప్పలేదు. 25న జేఏసీ విరమణ ప్రకటించింది. 26 నుంచి సమ్మె లేదు.

మానేరు తీరం
అక్కా, తప్పుగా పిలిచాను, క్షమించండి.

మీరు రాసినది చదివితే నా మాటే గట్టిపడింది. మిమ్మల్ని వాడుకున్నది మీ వైపు చానెల్. మీ నాయకుడు ఆ చానెళ్లలోనే కూర్చునేవాడు. నవంబర్ 9న చలో ట్యాంక్‌బండ్‌కు మీవాళ్ల వెనక ఎవరు ఉన్నారు? కాంగ్రెస్, బీజేపీ, వామపక్షాలు. హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మొదట టీఆర్ఎస్‌కు మద్దతిచ్చిన సీపీఐ కూడా సమ్మె పేరు చెప్పి వెనక్కు తగ్గింది. సమ్మె కార్మికుల చేతుల్లో ఉంటే పార్టీలు అలా వరుస కట్టవు. ఇంత ప్రచారం చేసీ హుజూర్‌నగర్‌లో ఏమైంది? 43 వేల పైగా మెజారిటీతో టీఆర్ఎస్ గెలిచింది. జనం ఎవరి పక్కన ఉన్నారో అక్టోబర్ 24న తేలింది.

నల్లగొండ బస్టాండు
ఒక ఉప ఎన్నిక గెలిస్తే సెప్టెంబర్ జీతం ఎగ్గొట్టవచ్చా?

మానేరు తీరం
ఎగ్గొట్టలేదు, ఇచ్చారు.

నల్లగొండ బస్టాండు
డిసెంబర్ 2న.

కృష్ణలంక
విజయవాడ నుంచి రాస్తున్నాను. మా దగ్గర 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. మీవాళ్లు విలీనం అడగడానికి అదే కారణమని అప్పుడు అందరూ అన్నారు. పత్రికల విషయంలో మీకంటే మేం మెరుగు కాదు. ఇక్కడ సాక్షి చదివేవారికి ఒక రాష్ట్రం కనబడుతుంది, ఈనాడు, ఆంధ్రజ్యోతి చదివేవారికి ఇంకొకటి. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు ఉద్యోగులు వేలల్లో వచ్చారు. మధ్యంతర భృతి 27 శాతం ఉంటే ఫిట్‌మెంట్ 23 ఇచ్చారన్నది వారి కోపం. రెండు రోజుల్లో నాయకులు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆందోళన విరమించారు. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు మేం ఒప్పుకోం అన్నాయి. మా అన్నయ్య ఉపాధ్యాయుడు, ఇప్పటికీ ఆ నాయకుల పేరెత్తితే భోజనం దగ్గరి నుంచి లేచిపోతాడు. విలీనమైన ఆర్టీసీవాళ్లు కూడా అందరూ సంతోషంగా లేరు. ఇదివరకు యాజమాన్యంతో విడిగా మాట్లాడుకునేవారు, ఇప్పుడు లక్షల మంది ఉద్యోగులలో ఒకరై పీఆర్సీ కోసం ఎదురుచూస్తున్నారు.

మానేరు తీరం
చూశారా, విలీనం వచ్చినచోట కూడా సంతోషం లేదు. ఆ విలీనం కోసమే ఇక్కడ ప్రాణాలు పోయాయి.

మండల విలేకరి (మాజీ)
తమ్ముడూ, ప్రాణాలు పోయింది విలీనం కోసం అని రాయకండి. ఖమ్మం డిపో డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని అక్టోబర్ 13న చనిపోయారు. ఉద్యోగాలు పోయాయని ప్రకటించిన తర్వాత వారానికి. ఆ మధ్యలో మంత్రులు ఒక్కసారి కూర్చుని మాట్లాడి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

పత్రికల మీద కోపం ఉన్నవారికి ఇంకొకటి గుర్తుచేస్తాను. 2014 జూన్‌లో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను తెలంగాణలో కేబుల్ నిర్వాహకులు ఆపేశారు. అదే సెప్టెంబర్‌లో వరంగల్‌లో కాళోజీ శతజయంతి రోజున, తెలంగాణను కించపరిస్తే పాతిపెడతామని ముఖ్యమంత్రి మీడియాను బహిరంగంగా హెచ్చరించారు. టీవీ9 శాసనసభ్యులను కించపరిచింది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఐదేళ్లు ప్రతి డెస్కులోనూ ఆ భయం కూర్చుంది. వీ6 అంతసేపు గేట్ల దగ్గర ఎందుకుందని అడుగుతున్నారు. మిగతావాళ్లు అక్కడ ఎందుకు లేరని కూడా అడగాలి. వివేక్ గారి సంగతి మీరు చెప్పింది నిజమే. 2023 నవంబర్‌లో ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్లారు, 2025 జూన్‌లో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. 2019లో గేటు దగ్గర ఉన్న కెమెరా ఇప్పుడు ఆర్టీసీ గేటు దగ్గరకు వస్తుందా రాదా అన్నది కార్మికులే చూసుకోవాలి.

చివరి ట్రిప్పు
మాస్టారూ, మీకు 55 లెక్క కావాలి కదా. చెబుతాను.

25 సాయంత్రం విరమణ ప్రకటన వచ్చింది. మీరన్నట్టు పత్రికలన్నీ 52 అని ముగించేశాయి. 26 తెల్లవారుజామున 4 గంటలకు ఖాకీ చీర కట్టుకుని, జాకెట్టు ఇస్త్రీ చేసుకుని డిపోకు వెళ్లాను. మొదటి సర్వీసు 5:10కి. గేటుకు తాళం. ముందు పోలీసులు. ఇష్టం వచ్చినప్పుడు మానేసి ఇష్టం వచ్చినప్పుడు చేరడం కుదరదని ఎండీ గారు ముందురోజే ప్రకటించారు. డ్యూటీ అడిగినందుకు మమ్మల్ని వ్యాను ఎక్కించారు. 27న మళ్లీ వెళ్లాం. 28న మళ్లీ వెళ్లాం. ఆ రాత్రి మంత్రివర్గం కూర్చుని చేరవచ్చని చెప్పింది. 29న గేటు తీశారు.

26, 27, 28. ఆ మూడు రోజులు మేం సమ్మెలో లేం. పని అడుగుతూ గేటు ముందు నిలబడ్డాం. పత్రికల లెక్కలో అవి సమ్మె రోజులు కావు, డ్యూటీ రోజులూ కావు. 52 రోజులు నినాదాలిచ్చిన గొంతుతో ఆ మూడు రోజులు బతిమాలాం. మా నాయకుడు అప్పుడు మా గేటు దగ్గర లేరు. ఆయన విరమించి వెళ్లిపోయారు. అవును, ఆయన మీద నాకు కోపం ఉంది, మీకంటే ఎక్కువ ఉంది. కానీ ఆ తాళం వేసింది ఆయన కాదు.

లెక్కల మాస్టారు
26, 27, 28 కలిపితే 55. సరిపోయింది. నేను సమ్మె రోజులు లెక్కపెట్టాను, మీరు పని లేని రోజులు లెక్కపెట్టారు.

సిరిసిల్ల మగ్గం
మూడు రోజుల సంగతి నాకు తెలియదు. ఎక్కడా చదవలేదు.

మానేరు తీరం
అక్కా, మీరు ఇంత రాశారు కాబట్టి నేనూ మనసులో మాట రాస్తాను. తిట్టినా ఫరవాలేదు.

నా మీద 2011 రైల్ రోకో కేసు ఉంది. రాష్ట్రం వచ్చాక కూడా ఎన్నో వాయిదాలకు తిరిగాను. ఏ పదవీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. అయినా ఒక్కరోజు కూడా ప్రభుత్వాన్ని రోడ్డు మీద నిలబెట్టలేదు. ఎందుకంటే అది మనం తెచ్చుకున్న ప్రభుత్వం. మీరు ఐదేళ్లు ఆగలేకపోయారు. 2015లో 44 శాతం ఇచ్చినప్పుడు చేతులెత్తి దండం పెట్టారు. 2019లో ఆ చేతులతోనే శవయాత్రలు తీశారు. కేసీఆర్ మిమ్మల్ని తొలగించారని బాధపడుతున్నారు, ఆయనను ముందు వదిలేసింది మీరు. దీన్ని నేను ద్రోహం అనే అంటాను. ఏ పత్రికా నాకు ఈ మాట నేర్పలేదు.

నల్లగొండ బస్టాండు
జీతం అడిగితే ద్రోహమా! ఇదేనా ఉద్యమం నేర్పింది?

చివరి ట్రిప్పు
ఇప్పటికి బయటపడింది. పత్రికలు కాదు, నాయకుడు కాదు, వనపర్తి టికెట్ కాదు. మేం మీకు బాకీ ఉన్నామని మీరు అనుకుంటున్నారు. అసలు తగువు ఇది.

2011లో నేను బస్సు ఆపింది పార్టీ కోసం కాదు. నాకు ఆ నెల జీతం రాలేదు, మా అత్తగారి గొలుసు తాకట్టు పెట్టాను. అది నా రాష్ట్రం కోసం పెట్టాను. మీ పార్టీకి అప్పు ఇవ్వలేదు, మీ పార్టీ దగ్గర అప్పు తీసుకోనూ లేదు. 2015లో 44 శాతం ఎవరి ఇంట్లోంచీ రాలేదు. నేను టికెట్లు కొట్టే టిమ్ము మిషను మెడలో వేసుకుని 70 మంది మధ్య నిలబడి తెచ్చిన కలెక్షన్‌లోంచి వచ్చింది. దండం పెట్టామంటున్నారు. పెట్టడమే తప్పయింది. జీతం పెరిగితే దండం పెట్టించింది మా నాయకులే. యూనియన్‌కు మంత్రిని గౌరవాధ్యక్షుడిని చేసుకున్న రోజే, రేపు ఆ ప్రభుత్వాన్ని ఏదైనా అడిగితే ద్రోహులమవుతామని తెలుసుకోవాల్సింది. ఆ తప్పు మాది. ఆ ఒక్క తప్పుకు 55 రోజులు అనుభవించాం. ఆ తర్వాత యూనియన్లే వద్దన్నారు. రెండేళ్లు ఎన్నికలు లేవు, డిపోకో సంక్షేమ మండలి చాలన్నారు. రెండేళ్లు గడిచిపోయాయి, ఎన్నికలు రాలేదు. 2017 ఏప్రిల్ నుంచి రావాల్సిన వేతన సవరణ 2024లో 21 శాతంగా ప్రకటించారు. నేను అప్పటికి ఇంట్లో కూర్చున్నాను.

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. సమ్మెలో మీ ఇంట్లో ఏం పోయింది? ఇంత కోపం ఊరికే రాదు.

నిర్వాహకులు
ద్రోహం, బానిసలు వంటి మాటలతో వచ్చిన నాలుగు వ్యాఖ్యలను తొలగించాం. ఎదుటివారి కుటుంబాల మీదికి వెళ్లే వ్యాఖ్యలు ఉండవు. చర్చ కొనసాగించవచ్చు.

మానేరు తీరం
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. 2012లో హెవీ లైసెన్స్ తీసుకున్నాడు. రాష్ట్రం వస్తే ఆర్టీసీలో డ్రైవర్ పోస్టులు పడతాయని నేనే చెప్పాను. ఏడేళ్లు ఎదురుచూశాడు. నోటిఫికేషన్ రాలేదు. ఇసుక లారీలు నడిపాడు. 2019 అక్టోబర్‌లో తాత్కాలిక డ్రైవర్లు కావాలన్నారు, రోజుకు 1,500 రూపాయలు. వెళ్లాడు. నేనే పంపాను.

మూడో రోజు బస్సు గేటు దాటుతుంటే కార్మికులు అడ్డుపడ్డారు. ఒకామె చెప్పు చూపించింది. తమ్ముడు చిన్నప్పటి నుంచీ మామయ్యా అని పిలిచే మా వీధి కండక్టరే వాడి ముఖం మీద ఉమ్మాడు. తమ్ముడు 19 రోజులు నడిపి మానేశాడు. ఆ వీధిలోంచి నడవలేక 2020 మొదట్లో సౌదీ వెళ్లాడు. ఇప్పుడు దమ్మాంలో ట్రెయిలర్ నడుపుతున్నాడు. కరోనాలో అమ్మ పోతే రాలేకపోయాడు.

మీ నాయకుడు మీ ఉద్యోగాలకు విలీనం కావాలన్నాడు. ఉద్యోగం లేనివాడి సంగతి ఎవరు అడిగారు? ఉద్యోగం ఉన్నవాళ్లు ఇంకా కావాలని కొట్లాడితే, లేనివాడు ఒక పూట పని చేసుకోవడం నేరమైంది. నా కోపం అక్కడిది.

సిరిసిల్ల మగ్గం
అన్నా, మా బావ కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఏం రాయాలో తెలియడం లేదు.

చివరి ట్రిప్పు
తమ్ముడూ, కొంచెం ఆగి చదవండి.

మా సమ్మె నోటీసులో ఉన్నది విలీనం ఒక్కటే కాదు. 26 డిమాండ్లు ఉన్నాయి. వాటిలో ఖాళీల భర్తీ ఉంది. మనుషులు లేక మా డిపోలో డ్రైవర్లు డబుల్ డ్యూటీలు చేసేవారు. సెలవు అడిగితే ఎవరిని పంపాలని డిపో మేనేజర్ తిరిగి మమ్మల్నే అడిగేవారు. నేను ఆడమనిషిని కాబట్టి చెబుతున్నాను, కాన్పు అయి వచ్చిన అమ్మాయిలు కూడా రాత్రి 11 గంటల ట్రిప్పు దిగి పొద్దున 5 గంటలకు మళ్లీ ఎక్కేవారు. కొత్త డ్రైవర్లను తీసుకోండి, కొత్త బస్సులు కొనండి అని రాసి ఇచ్చాం. మీ తమ్ముడి ఉద్యోగం ఆ కాగితంలో ఉంది.

మానేరు తీరం
నిజంగానా?

మండల విలేకరి (మాజీ)
నిజం. ఆ కాగితం ప్రతి జిల్లా విలేకరి దగ్గరా ఉంది. నేను 26 డిమాండ్లూ టైపు చేసి పంపాను. పేజీలో చోటు లేదని విలీనం, వేతన సవరణ రెండే ఉంచారు. తర్వాత శీర్షికల్లో విలీనం ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం వైపు పత్రికలకు ఆ మాట అనుకూలం, ఎందుకంటే ఖజానా మీద భారం వేసే గొంతెమ్మ కోరిక అని చూపించవచ్చు. అటువైపు పత్రికలకూ అదే అనుకూలం, పక్క రాష్ట్రంలో జగన్ చేశారు, కేసీఆర్ చేయరు అని పోల్చవచ్చు. ఖాళీల భర్తీ ఇద్దరికీ పనికిరాలేదు. నాయకులు కూడా సభల్లో చప్పట్లు వచ్చే మాటనే పట్టుకున్నారు. సరూర్‌నగర్ సకల జనభేరికి నేను వెళ్లాను. నిరుద్యోగ డ్రైవర్లను మా వెంట రమ్మని వేదిక మీద నుంచి ఒక్కరు పిలిచినట్టు నాకు గుర్తులేదు. పిలిచి ఉంటే 1,500కు ఎంతమంది వెళ్లేవారో.

నల్లగొండ బస్టాండు
విలీనం బిల్లు 2023 ఆగస్టు 6న ఎన్నికల ముందు పాస్ చేశారు, 43,373 మంది అన్నారు. నాలుగేళ్లలో అసాధ్యం సాధ్యమైంది. ఇది కూడా రాసుకోండి.

మానేరు తీరం
నల్లగొండ అన్నా, అది నాకు తెలుసు. ఆ రోజు నేను ఇంట్లో మిఠాయి పంచాను. 2019లో కాదన్నది ఇప్పుడెలా అయిందని మా ఆవిడ అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. ఆ బిల్లు ఇప్పటికీ కాగితం మీదే ఉందన్నదీ తెలుసు. అది ఇప్పటి ప్రభుత్వాన్ని అడగండి.

అక్కా, నాయకుడి విషయంలో నా మాట మారదు. నా తమ్ముడిని తన వెంట నిలబెట్టుకోవాల్సినవాడు వాడి మీదికి మనుషులను వదిలాడు. తర్వాత తన దారి తాను చూసుకున్నాడు. నేను రోజూ చదివిన పత్రిక మాత్రం ఆ 26లో ఖాళీల భర్తీ ఉందని నాకు ఒక్కరోజు కూడా చెప్పలేదు. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చివరి ట్రిప్పు
మీ తమ్ముడి ముందు చెప్పు చూపించిన ఆమె ఎవరో నాకు తెలియదు. అది మా డిపో కాకపోవచ్చు. కానీ మా గేటు దగ్గర నేనూ ఒక పిల్లవాడిని తిట్టాను. పాతికేళ్లు ఉంటాయి, బస్సు రివర్స్ చేయడం కూడా సరిగా రాలేదు, చేతులు వణుకుతున్నాయి. మా నోటి దగ్గర కూడు లాక్కుంటున్నావు, నీకు అక్కాచెల్లెళ్లు లేరా అని అరిచాను. వాడు తల ఎత్తలేదు. వాడు ఎవరింటి పిల్లవాడో, తర్వాత ఎక్కడికి వెళ్లాడో నాకు తెలియదు. ఆ మాట ఈరోజు దాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మీ తమ్ముడు ఏ రూటు నడిపాడు?

మానేరు తీరం
జగిత్యాల నుంచి ధర్మపురి. 19 రోజులూ అదే రూటు. టికెట్లు కొట్టడానికి డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని ఇచ్చారట, రోజుకు 1,000 రూపాయలకు. ఆ అమ్మాయి కూడా కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ వచ్చిందని చెప్పాడు.

ఆ 26 డిమాండ్ల కాగితం మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టగలరా?

చివరి ట్రిప్పు
బీరువాలో సమ్మె నాటి సంచిలో ఉండాలి. మా అబ్బాయి ఆదివారం వస్తాడు, ఫొటో తీయించి పెడతాను.